కంకి ఒలిచి ఇంట్లోనే పాప్‌కార్న్: మీ గింజలు ఎందుకు పేలలేదు, ఈసారి ఎలా పేలతాయి

మీరు రాసిన దాని సారం ఇది. రైతుబజార్‌లో ఆరు మొక్కజొన్న పొత్తులు కొన్నారు. మేడ మీద నాలుగు రోజులు ఎండబెట్టి, గింజలు ఒలిచి, కుక్కర్‌లో నూనె పోసి వేయించారు. ఒక్కటి కూడా పువ్వులా విచ్చుకోలేదు. కొన్ని మాడిపోయాయి, కొన్ని పగిలి రాళ్ళలా మిగిలాయి. పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడి ఎదురుచూశారన్న మాట చదివితే బాధేసింది. ఎండ చాలలేదా, మంట తక్కువైందా, కంకిని కంకిగానే మైక్రోవేవ్‌లో పెడితే పేలుతుందని వీడియోల్లో చూపిస్తున్నది నిజమేనా అని అడిగారు.

మీ వంటలో తప్పు లేదండీ. మీరు కొన్నది పేలే మొక్కజొన్న కాదు. ఉడకబెట్టుకోవడానికో నిప్పుల మీద కాల్చుకోవడానికో అమ్మే పొత్తు స్వీట్ కార్న్ అయినా అవుతుంది, మామూలు చేను మొక్కజొన్న అయినా అవుతుంది. పైగా అది లేతది, గింజ పాలు పట్టిన దశలో కోసినది. దాన్ని నెల రోజులు ఎండబెట్టినా పాప్‌కార్న్ రాదు. స్వీట్ కార్న్ గింజ అయితే ఎండేకొద్దీ ముడతలు పడి ముసలివాళ్ళ చర్మంలా అవుతుంది. మీ గింజలు అలా అయ్యాయేమో ఒకసారి చూడండి.

పాప్‌కార్న్‌ది మొక్కజొన్నలోనే వేరే రకం గింజ. మొక్క చూస్తే తేడా తెలియదు కానీ కంకి చిన్నది, గింజ చిన్నది, గాజుపూసలా గట్టిగా మెరుస్తుంది. కొన్నిటికి గింజ కొన సూదిగా ఉంటుంది, కొన్నిటికి ముత్యంలా గుండ్రంగా ఉంటుంది. ఇంట్లో తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటి చెప్తాను. వంద ఎండు గింజలు లెక్కపెట్టి వంటింటి కాటా మీద పెట్టండి. పేలే రకమైతే 12 నుంచి 16 గ్రాముల దగ్గర తూగుతుంది. చేను మొక్కజొన్న అయితే 25 నుంచి 35 గ్రాములు ఉంటుంది. అంత తేడా కాబట్టి పొరబాటు పడే అవకాశం తక్కువ.

ఇంత పట్టింపు ఎందుకంటే, గింజ పేలడం అన్నది గింజ లోపల జరిగే పని. పాప్‌కార్న్ గింజలో 14 శాతం దాకా నీరు ఉంటుంది. వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. పై తొక్క గట్టిగా, సందు లేకుండా ఉంటుంది కాబట్టి ఆవిరి బయటికి రాలేదు. మన కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. గింజ లోపల 180 డిగ్రీలు చేరుతుంది, ఒత్తిడి బయటి గాలికి తొమ్మిది రెట్ల దాకా పెరుగుతుంది. అప్పటికి లోపలి పిండి కరిగి జావలా అయి ఉంటుంది. తొక్క తెగిన క్షణంలో ఆ జావ నురగలా ఉబ్బి, చల్లగాలి తగిలి అలాగే గట్టిపడుతుంది. మనం తినే తెల్లటి పువ్వు అదే. 2015లో ఫ్రాన్స్‌లో ఇద్దరు పరిశోధకులు దీన్ని కెమెరాలతో, మైకులతో పరీక్షించారు. 170 డిగ్రీల దగ్గర మూడో వంతు గింజలే పేలితే, 180 దగ్గర దాదాపు అన్నీ పేలాయి. పది డిగ్రీల్లో అంత తేడా. చేను మొక్కజొన్నకు తొక్క ఆవిరిని పట్టి ఉంచలేదు, లోపల మెత్తటి పిండి వాటా ఎక్కువ. అందుకే ఆవిరి మెల్లగా కారిపోతుంది, గింజ పగులుతుందే తప్ప విచ్చుకోదు. మీ కుక్కర్‌లో జరిగింది అదే.

ఈ నీటి సంగతి మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. మాది నిజామాబాద్ జిల్లా. తొలి ఏకాదశికి మా నాయనమ్మ జొన్న పేలాలు చేసేది. ముందు రోజు సాయంత్రం జొన్నల మీద నీళ్ళు చిలకరించి, చేత్తో కలిపి, బట్టలో మూట కట్టి పెట్టేది. తెల్లవారి మంగలం, అంటే పేలాలు వేయించే మట్టి పాత్ర, బాగా కాలాక గుప్పెడు గుప్పెడుగా వేసి పాత బట్ట చుట్టిన కర్రతో తిప్పేది. మూట కట్టకుండా వేస్తే సగం గింజలు పేలవని అనేది. ఎందుకని అడిగితే "గింజకు తడి పట్టాలి బిడ్డా, నీళ్ళు కారొద్దు" అనేది. నేను తర్వాత చదువుకున్న తేమ శాతాల లెక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. పేలాలను బెల్లంతో దంచి పేలాల పిండి చేసుకుని తినేవాళ్ళం. పాప్‌కార్న్ కూడా పేలాలే, మక్క పేలాలు. మేము మొక్కజొన్నను మక్క అంటాం.

ఇక మీరు చేయాల్సింది చెప్తాను. కంకి నుంచే చేయాలన్నది మీ కోరిక కాబట్టి పేలే రకం కంకులు కావాలి. బజార్లో కంకిగా దొరకడం అరుదు, పండించుకోవడమే దారి. మేడ మీద పెద్ద కుండీల్లోనైనా, పెరట్లోనైనా వస్తుంది. నేను తొమ్మిదేళ్ళుగా పెరట్లో నాలుగు సాళ్ళు వేస్తున్నాను. అంబర్ పాప్‌కార్న్ అన్న రకం మన దగ్గర పాతది. ఉత్తరాఖండ్‌లోని అల్మోడా పరిశోధన సంస్థ నుంచి వి.ఎల్. అంబర్ పాప్‌కార్న్ వచ్చింది. విత్తనం గురించి మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. దొరక్కపోతే కిరాణా కొట్టులో అమ్మే పాప్‌కార్న్ గింజలే నాటొచ్చు. అవి చాలావరకు హైబ్రిడ్ గింజలు కాబట్టి మొక్కలన్నీ ఒక్కలా రావు, కానీ ఇంటి ముచ్చట తీరుతుంది. ఒక జాగ్రత్త మాత్రం మరచిపోకండి. విత్తనాల దుకాణంలో ప్యాకెట్‌లో వచ్చే గింజలకు గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూసి ఉంటుంది. అది శిలీంధ్రనాశక మందు. మిగిలిన విత్తనం వేయించుకుందామని ఎప్పుడూ అనుకోవద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు.

సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు వదలండి. ఒకే పొడుగాటి వరుసగా నాటకండి. మొక్కజొన్నకు పుప్పొడి గాలిలోనే ఎగిరి పక్క మొక్క పీచు మీద పడాలి, అందుకని నాలుగు పొట్టి సాళ్ళు గుంపుగా ఉంటే కంకి నిండా గింజ పడుతుంది. కుండీలైతే పక్కపక్కనే గుమిగూర్చండి.

ఇక్కడ నేను రెండో ఏడు దెబ్బతిన్నాను. మా వైపు పసుపులో అంతరపంటగా మక్క వేస్తారు. మా పెరటి గోడ అవతల అలాంటి పసుపు చేను ఉంది. దాని పూత, నా పాప్‌కార్న్ పూత ఒకే వారంలో వచ్చాయి. కంకులు చూడటానికి ఎంతో బాగున్నాయి. తీరా వేయిస్తే సగం పేలలేదు. పరాయి పుప్పొడి పడితే ఆ గింజ లోపలి పిండి అదే పంటలో మారిపోతుంది, వచ్చే తరం దాకా ఆగదు. ఆ తర్వాత నుంచి చుట్టుపక్కల మక్క విత్తిన మూడు, నాలుగు వారాల తర్వాతే నేను విత్తుతున్నాను. మీ చుట్టూ మొక్కజొన్న చేలు లేకపోతే మీకు ఈ బెడద లేదు. స్వీట్ కార్న్, పాప్‌కార్న్ పక్కపక్క కుండీల్లో పెట్టడం మాత్రం వద్దు.

కోత విషయంలో తొందరపడకండి. కాల్చుకునే కంకిని పీచు వచ్చిన 20, 25 రోజులకు విరిచేస్తాం. పేలాల కంకి చెట్టు మీదే ముదరాలి. పై పొరలు పూర్తిగా తెల్లబడి, గరగరలాడాలి. గింజ మీద గోరు నొక్కితే దిగకూడదు. ఒక గింజను ఊడదీసి, బెండుకు అంటుకున్న కొనను గోటితో గీకి చూడండి. అక్కడ నల్లటి పొర కనిపిస్తే గింజ ముదిరింది, చెట్టు నుంచి ఇక దానికి వెళ్ళేది ఏమీ లేదు. అప్పటికి కూడా గింజలో 30 శాతానికి పైనే నీరుంటుంది. వానలు లేకపోతే ఇంకో రెండు వారాలు చెట్టు మీదే వదిలేయండి. వాన పట్టేలా ఉంటే కోసి లోపలికి తెచ్చుకోవాలి, తడిసిన కంకికి బూజు ఇట్టే పడుతుంది. ఆకుపచ్చగానో నల్లగానో బూజు కనిపించిన కంకిని గీకి, కడిగి వాడుకోవద్దు, మొత్తంగా పారేయండి. మొక్కజొన్న బూజులో విషం ఉండొచ్చు.

ఎండబెట్టడంలోనే చాలామంది పొరబడతారు. వడియాలు ఎండబెట్టినట్టు మేడ మీద పరిచేస్తారు. మన ఏప్రిల్, మే ఎండకు గింజ పైతొక్క సన్నగా చిట్లుతుంది, కంటికి కూడా కనిపించదు. ఆ చీలికలోంచి ఆవిరి పోతుంది, ఇక ఆ గింజ పేలదు. పైగా లోపలి నీరు పది శాతానికి దిగిపోతుంది. నా మొదటి పంట అలాగే పాడైంది. కంకులు ఎంత ఎండితే అంత బాగా పేలతాయని అనుకుని పది రోజులు ఎర్రటి ఎండలో పెట్టాను. పావు వంతు పేలలేదు, పేలినవి కూడా బఠాణీలంత ఉన్నాయి.

నీడలో, గాలి ఆడే చోట ఎండబెట్టండి. పై పొరలను వెనక్కి ఒలిచి, వాటితోనే రెండు రెండు కంకులను జడలా ముడివేసి, వరండాలో దండెం మీద వేలాడదీయండి. గోడకు తగలకూడదు. ఎలుకలు, ఉడతలు అందుకోని ఎత్తు చూసుకోండి. పొరలు తీసేసి ఉంటే ఉల్లిపాయలు వచ్చే నెట్ సంచిలో వేసి వేలాడదీసినా సరే. ఒలిచిన గింజలకన్నా కంకి మీద ఉన్న గింజ నెమ్మదిగా, సమంగా ఆరుతుంది, అందుకే ముందే ఒలవొద్దంటున్నాను. గాలిలో తేమ 70 శాతం దగ్గర ఉంటే గింజ తనంతట తానే 13, 14 శాతం దగ్గరకు వచ్చి ఆగుతుంది. మీ విజయవాడ గాలిలో వానాకాలం పంట ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. యాసంగి పంట, అంటే మీ వైపు రబీ, ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తే రెండు, మూడు వారాలు చాలు. ఎండాకాలం మొదలయ్యేలోపు ఒలిచి డబ్బాలో పెట్టేయాలి. వడగాలిలో వదిలేస్తే నీడలో ఉన్నా గింజ ఎండిపోతుంది.

ఎప్పుడు చాలు అన్నది తేదీ చూసి తేల్చలేం, గింజను వేయించి చూడాలి. రెండో వారం నుంచి వారానికి ఒకసారి ఒక కంకి నుంచి ఇరవై గింజలు ఒలిచి, చిన్న గిన్నెలో రెండు చుక్కల నూనెతో వేయించండి. పేలినా చిన్నగా, అంచులు కోసుకుపోయినట్టుగా, నమిలితే రబ్బరులా సాగితే ఇంకా తడి ఉంది. ఇంకో వారం ఆగండి. ఇరవైలో పద్దెనిమిది పేలి, పువ్వు పెద్దదిగా, కరకరలాడుతూ ఉంటే ఆ రోజే అన్నీ ఒలిచేయండి. గత వారం బాగా పేలినవి ఈ వారం సరిగా పేలకపోతే ఎండు ఎక్కువైంది. కంగారు పడొద్దు, దీన్ని సరిచేయొచ్చు.

పావు కిలో గింజలను గాజు సీసాలో పోసి, ఒక టీస్పూన్ నీళ్ళు చల్లి మూత బిగించండి. సీసాలో పైన నాలుగో వంతు ఖాళీ ఉండాలి. గింజలన్నీ కదిలేలా బాగా ఊపండి. మొదటి రోజు రెండు మూడు గంటలకొకసారి, తర్వాత పూటకొకసారి ఊపుతూ మూడు, నాలుగు రోజులు ఆగండి. నీరు గింజ లోపలి దాకా ఇంకడానికి అంత సమయం కావాలి. ఆ ఒక్క స్పూన్ గింజలో నీటిని ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా పెంచుతుంది. తర్వాత మళ్ళీ ఇరవై గింజలు వేయించి చూడండి. చాలకపోతే ఇంకో అరస్పూన్. ఒకేసారి ఎక్కువ పోస్తే సీసాలోనే బూజు పడుతుంది. మా నాయనమ్మ మూటలో చేసింది ఇదే పని. కిరాణా నుంచి తెచ్చిన పాత పాప్‌కార్న్ గింజలు సరిగా పేలకపోయినా ఇలాగే చేయండి.

ఒలవడం ఎలాగంటారా, కంకి కొన దగ్గర ఒక వరుసను బొటనవేలితో నెట్టి ఊడగొట్టండి. ఆ సందు దొరికాక రెండు కంకులను ఒకదానికొకటి రాస్తే గింజలు వాటంతట అవే రాలతాయి. పాప్‌కార్న్ గింజ కొన సూదిగా ఉంటే చెయ్యి గీసుకుంటుంది, మందపాటి గుడ్డ పట్టుకోండి. తర్వాత చేటలో చెరిగితే పొట్టు, పీచు పోతాయి. పొట్టు మిగిలితే నూనెలో ముందు అదే మాడి వాసన పట్టేస్తుంది. నిల్వ పెట్టుకునే ముందు గింజలను కవర్‌లో కట్టి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. ముక్క పురుగు గుడ్లుంటే చచ్చిపోతాయి. బయటికి తీశాక కవర్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు గాలి చొరని సీసాలోకి మార్చండి.

వేయించడానికి అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. మీ కుక్కరే సరిపోతుంది, కానీ రబ్బరు, విజిల్ తీసేసి మూత ఊరికే పైన పెట్టాలి. మూత బిగించి ఎప్పుడూ చేయకండి, అది ప్రమాదం. రెండు టేబుల్ స్పూన్ల పల్లీ నూనె పోసి మూడు గింజలు వేసి ఆగండి. మూడూ పేలితే నూనె తయారైనట్టు. వాటిని తీసేసి, అరకప్పు గింజలు అడుగున ఒకే వరుసగా పరుచుకునేలా వేసి, పొయ్యి మీద నుంచి దించి అరనిమిషం పక్కన పెట్టండి. ఇలా చేస్తే గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి, తర్వాత అన్నీ దాదాపు ఒకేసారి పేలతాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మధ్యస్థం మంట మీద, గిన్నెను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండండి. మూత కాస్త ఓరగా ఉంచండి. ఆవిరి బయటికి పోకపోతే పేలాలు మెత్తబడతాయి. రెండు పేలుళ్ళ మధ్య రెండు మూడు సెకన్ల సందు రాగానే ఆపేసి వెడల్పాటి పళ్ళెంలో ఒంపేయండి. వేయించడానికి వెన్న వద్దు, అందులో పాల పదార్థం ముందే మాడుతుంది. నెయ్యి వాడొచ్చు. ఉప్పును మిక్సీలో మెత్తగా తిప్పి చల్లితే పువ్వుకు అంటుకుంటుంది. మా ఇంట్లో కరివేపాకు పొడి, కాస్త కారం చల్లుతాం, చెరువుగట్టు మీద అమ్మే పేలాలకన్నా రుచి.

కంకిని కంకిగా మైక్రోవేవ్‌లో పేల్చడం నిజమే, నేను చేశాను. కానీ పైన చెప్పినట్టు నీడలో ఆరి, ఇరవై గింజల పరీక్షలో నెగ్గిన పాప్‌కార్న్ కంకి అయితేనే. పచ్చి పొత్తు పెడితే ఉడుకుతుందంతే. అరచేతి పొడుగు కంకి ఒకటి తీసుకుని, పీచంతా తీసేసి, అచ్చు లేని కొత్త గోధుమరంగు కాగితం కవర్‌లో పెట్టి, నోరు రెండుసార్లు మడవండి. పిన్నులు కొట్టొద్దు. పాత న్యూస్ పేపర్ సంచి వద్దు. ఫుల్ పవర్‌లో రెండు నుంచి మూడు నిమిషాలు పడుతుంది. పక్కనే నిలబడి వినండి, సందు రెండు సెకన్లు దాటగానే ఆపండి. మైక్రోవేవ్‌కు పనికొచ్చే పెద్ద గాజు గిన్నెలో పెట్టి పైన పళ్ళెం ఓరగా మూస్తే కాగితం అంటుకుంటుందన్న భయం ఉండదు, నాకు అదే నచ్చుతుంది. కొన్ని పువ్వులు కంకికే పట్టుకుని పూలదండలా ఉంటాయి. పిల్లలకు ఆ చూపే పండగ. గింజల లెక్కన చూస్తే మాత్రం గిన్నెలో వేయించినన్ని పేలవు, రెండు కొసల్లోనూ చాలా మిగులుతాయి. మిగిలినవాటిని మళ్ళీ మైక్రోవేవ్‌లో పెట్టకండి, బెండు మాడి పొగ వస్తుంది. ఒలిచి పొయ్యి మీద వేయించుకోండి.

మీ దగ్గర మిగిలిన ఎండు గింజల గురించి కూడా అడిగారు. అవి స్వీట్ కార్న్ కాకపోతే, బూజు లేకపోతే రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో తాలింపు వేయండి. మేము మక్క గుడాలు అంటాం. కాస్త ఎక్కువగా ఉంటే రవ్వలా పట్టించి గట్క వండుకోవచ్చు, మజ్జిగతో బాగుంటుంది. కుక్కర్‌లో పగిలి రాళ్ళలా మిగిలినవాటిని కొరకొద్దు, పళ్ళు చెడతాయి.

ఎదురుచూస్తున్న పిల్లల వయసు మీరు రాయలేదు. నాలుగేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళకు పాప్‌కార్న్ పెట్టకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ళకు పేలాల పిండిలో బెల్లం, చెంచా నెయ్యి కలిపి తడిగా, మెత్తగా చేసి కొంచెం కొంచెంగా తినిపించండి. పెద్దపిల్లలకు ఈ వారమే కిరాణా గింజలతో ఒకసారి చేసిపెట్టి, అందులోంచి ఇరవై గింజలు వాళ్ళ చేతే కుండీల్లో నాటించండి. వాన కుదురుగా ఉంటే వారంలోపే మొలకలు కనిపిస్తాయి.